ఉప్పులో పది రోజులు

అనంతగిరి ఘాట్ రోడ్డు మూడో మలుపులో జాకబ్ శాండ్‌విచ్ కొట్టు. డిసెంబరు నెల, పొద్దున తొమ్మిదిన్నర దాటినా మంచు ఇంకా రోడ్డు మీదే కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ళు ఓడ వంటగదిలో చాకిరీ చేసొచ్చిన జాకబ్‌కి దేనికీ బెదరని మనిషని పేరు, ఇవాళ మాత్రం పొద్దుట్నుంచీ రోడ్డు వంకే చూస్తున్నాడు. పది రోజులు ఉప్పునీళ్ళలో ఊరిన మాంసాన్ని ఉడకబెట్టి ఇప్పుడే మొదటి ముక్క కోశాడు. వెనక కాఫీ తోటలోంచి దిగొచ్చిన, అతను ‘అప్పా’ అని పిలిచే అక్క తెరిసమ్మ బల్ల మీద కూలబడింది.

“అది కాదు అప్పా, దగ్గరికొచ్చి సూడు. ఏ రంగుంది?”

“మాంసం రంగే ఉంది.”

“మాంసం రంగంటే?”

“ఉడికిన మాంసం రంగు. కాసేపు కూకోనీరా నన్ను. తోట దిగొచ్చేసరికి ఆయాసం వచ్చీసినాది.”

“బూడిద రంగు అప్పా. పొయ్యిలో బూడిద ఉంటాది సూడు, ఆ రంగు. ఇది కోస్తే లోపల జాంపండులా ఉండాలి.”

“అంటే పచ్చిదన్నమాట. పచ్చిమాంసం తింటారేటి పట్నమోళ్ళు?”

“పచ్చిది కాదు. మూడు గంటలు సన్నసెగ మీద ఉడికింది. ఎంత ఉడికినా ఆ గులాబీ రంగు పోకూడదు. అదే దీని గొప్ప. కార్న్డ్ బీఫ్ అంటే ముందు కంటితో తింటారు, తరవాతే నోటితో.”

“పెద్దకూర అను. మనకి ఆ పేరు సాల్దేటి.”

“పెద్దకూర అని బోర్డు మీద రాస్తే ఈ రోడ్డు మీద కొట్టు ఎన్నాళ్ళుంటాదో నీకూ తెలుసు, నాకూ తెలుసు.”

“ఊరికే అన్నాను. మంచినీళ్ళు ఉన్నాయేటి?”

“ఆ బిందెలో ముంచుకో. ఇప్పుడెంతయింది? పావు తక్కువ పది. పదకొండింటికి వచ్చేస్తాది ఆవిడ.”

“ఎవరు?”

“ఎవరేటి అప్పా, వారం నుంచీ సెప్తన్నాను. సిల్వియా మేడమ్. విశాఖపట్నంలో మూడు కొట్లున్నాయి ఆవిడకి. నా శాండ్‌విచ్ తిని బాగుందంటే వారం వారం నా మాంసం ఆవిడ కొట్లకి ఎల్తాది. బాగోలేదంటే నేను మళ్ళీ ఓడెక్కాలి.”

“ఓడ మాటెత్తకు. సుజానా ఏడుస్తాది.”

“నా పెళ్ళాం ఏడుస్తాదనే కదా ఈ కొట్టు పెట్టింది. ఏది తను? రొట్టెలు కోసి పెడతానంది రాత్రి.”

“పైనే ఉంది, తోటలో. ఇయాల మొదటి కోత కదా, ఒక రెండు గంటలు కోసి వస్తానంది. ఇనపడతన్నాయి కదా కోతోళ్ళ పాటలు.”

“ఇనపడతన్నాయి. నా ప్రాణం ఇక్కడ పోతంటే ఆళ్ళకి పాటలు.”

“మొదటి కోతకి పాడకపోతే సెట్టు అలుగుద్దిరా.”

“ఈ అంచు సూడు. ఏలు మందం గులాబీ రంగొచ్చింది. అక్కడితో ఆగిపోయింది. అంటే మందు లోపలికి దిగలేదు.”

“మందేటి?”

“ఉప్పు.”

“ఉప్పని సెప్పు మరి. మందంటావేటి.”

“మందులాంటి ఉప్పులే. తిట్టాలంటే తిట్టు గానీ అప్పా, నేను తప్పేటి సేసాను సెప్పు? దున్నపోతు రొమ్ము ముక్క, కొవ్వు పొర పోకుండా దగ్గరుండి కోయించాను. మిరియాలు మన తోటవే. ఆవాలు, దనియాలు, బిర్యానీ ఆకు, కొంచెం బెల్లం. నీళ్ళు కాసి సల్లార్చి పోసాను. పైన పళ్ళెం, పళ్ళెం మీద ఏటిరాయి. రోజూ పొద్దున్నే తిప్పాను. ఒక్క రోజు తప్పలేదు.”

“గుడికి ఇలాగ తప్పకుండా ఎల్తే ఫాదరు సంతోషించును.”

“నవ్వకు.”

“నవ్వట్లేదురా. నవ్వితే తల పోటెత్తుతన్నాది.”

“టీ పెట్టనా?”

“ఒద్దు. రొట్టె ఎలగొచ్చింది?”

“రొట్టెకేటి, బంగారంలా వచ్చింది. ఆ దేశాల్లో నల్ల రొట్టె ఉంటాది, ఆ పిండి మనకి దొరకదని మనం అంబలి కాసుకునే సోడిపిండి కలిపి కాల్చాను. దానికన్నా బాగుంది. ఒక ముక్క మీద ఆవముద్ద పులిమి, మాంసం నారకి అడ్డంగా పల్చగా కోసి, ఇంత ఎత్తు పేర్చి, పైన ఊరేసిన కేబేజీ. అన్నీ ఉన్నాయి, ఐదోతనమే లేనట్టు, అసలుదే ఇలా ఏడ్చింది. ఆ సీసా ఇలా అందుకో.”

“ఏ సీసా?”

“నీ తలకాయ ఎనకాల, సెక్క మీద. గులాబీ ఉప్పు సీసా.”

“నాను లెగలేను. నువ్వే తీసుకో.”

“సెయ్యి సాపితే అందుతాది.”

“సెప్పినాను కదరా. కాళ్ళు వణుకుతన్నాయి.”

“సరే సరే. ఇదిగో. నెల కిందట ఈ ఉప్పు ఎంత రంగుండేదో తెలుసా? ఇప్పుడు తెల్లగా పాలిపోయింది. నేనేమో మంచు తేమకి రంగు దిగిందనుకున్నాను.”

“తేమే. మా ఇంట్లో పసుపు కూడా ఇలాగే తెల్లబడిపోనాది.”

“పసుపు తెల్లబడిందా?”

“కొంచెం.”

“నా అరసేతిలో ఏటుందో సూడు.”

“ఉప్పు.”

“ఇది పిండిలా ఉంది, ఇది నా ఉప్పు. మరి ఈ పలుకులేటి? ఇది కల్లుప్పు అప్పా. సంతలో బస్తాల్లో పోసి అమ్మే కల్లుప్పు. నా సీసాలోకి నడిచొచ్చిందేటి?”

“సీమలు తెచ్చినాయేమో.”

“సీమలు పంచదార మోస్తాయి. ఉప్పు మోస్తాయేటి?”

“కొండ సీమల సంగతి నీకేటి తెలుసు. తొమ్మిదేళ్ళు సముద్రం మీద ఉన్నావు.”

“ఈ కొట్టు తాళాలు రెండే. ఒకటి నా మొలతాడుకి. రెండోది...”

“రెండోది నా దగ్గర. అయితే? ఊడవడానికి ఇచ్చినావు, ఊడుస్తన్నాను. దొంగతనం అంటగడతావేటి?”

“నేను ఎవర్నీ అనలేదు. గుమ్మడికాయల దొంగంటే నువ్వే బుజాలు తడుముకుంటన్నావు.”

“నీ బట్టలు ఉతికిన సెయ్యిరా ఇది. అమ్మ పోయినప్పుడు నువ్వు ఏ దేశంలో ఉన్నావో కూడా తెలీదు, మట్టి ఏసింది నాను. ఇయాల గుప్పెడు ఉప్పుకి నన్ను నిలదీస్తన్నావు.”

“గుప్పెడా?”

“మాటకి అన్నాను.”

“గుప్పెడు అన్నావు అప్పా.”

“గుప్పెడో, గుక్కెడో. నువ్వు ఊరికే సీసా నిండా పెట్టుకున్నావు, ఏడాదికో సెంచా వాడతావు. కొంచెం తీసినాను. సీసా ఎలితిగా కనిపిస్తే నువ్వు బాధపడతావని కల్లుప్పు దంచి కలిపినాను. మెత్తగానే దంచినాను, కొన్ని పలుకులు ఉండిపోనాయి కాబోలు.”

“ఎప్పుడు?”

“పదిహేను రోజులయ్యుంటాది.”

“అంటే నేను మాంసం ఊరేసే ముందే.”

“నువ్వు ఎప్పుడు ఊరేస్తావో నాకేటి తెలుసు. మాంసం పాడైపోనాది నా వల్లే, ఒప్పుకుంటన్నాను. ఆ మేడమ్ వస్తే నానే సెప్తాను. మా తమ్ముడు మంచోడమ్మా, దొంగ నానే అని సెప్తాను. సరేనా?”

“మాంసం సంగతి వదిలెయ్యి. తీసిన ఉప్పు ఎక్కడుంది?”

“పారబోసినాను.”

“ఎక్కడ?”

“కోళ్ళ దగ్గర.”

“నీకు కోళ్ళు ఎక్కడివి? ఉన్న రెండూ పోయిన నెల్లోనే గుడికి ఇచ్చేసావు.”

“కోళ్ళు ఉండే సోట అన్నాను.”

“అప్పా. నేను కోప్పడట్లేదు. నా గొంతు సూడు, కోపంగా ఉందేటి? ఉప్పు ఎక్కడుందో అది ఒక్కటే సెప్పు.”

“కోపం నేకపోతే ఎందుకలగ తెల్లబోయినావు?”

“సెప్పు.”

“దాసినాను. మూట కట్టి పెట్టెలో దాసినాను. మంచి ఉప్పు కదా, మంచి రోజుకి వాడుదామని. పాట ఆగిపోనాదేటిరా?”

“ఏ పాట?”

“పైన. ఇందాకటి దాకా ఇనపడింది. ఇప్పుడు ఒక్క గొంతూ నేదు.”

“మంచుకి గొంతులు పట్టేసుంటాయి. పాట సంగతి తరవాత. మూట ఇంకా పెట్టెలోనే ఉందా?”

“నువ్వు ముందు సెప్పు, ఎందుకంత ఆత్రం? బంగారమేటి అది?”

“ఓడలో జరిగింది ఒకటి సెప్తాను. ఇను. మధ్యలో మాటాడకు.”

“సెప్పు.”

“మా వంటగదిలో నాలాగే ఒక ఫిలిప్పీన్ మనిషి ఉండేవాడు. నలబై ఏళ్ళు ఉంటాయి, నెమ్మదస్తుడు. తుఫాను రోజు. ఓడ ఇటూ అటూ ఊగుతంటే సామాన్లు దొర్లిపోయి డబ్బాలు కలిసిపోయాయి. ఆడు సూపు కాస్తన్నాడు. మామూలు ఉప్పనుకుని ఈ ఉప్పు ఏసేసాడు. తెల్లదే అప్పట్లో, రంగు కలిపింది కాదు. అందుకేనట ఇప్పుడు రంగు కలుపుతారు, మామూలు ఉప్పని ఎవరూ పొరబడకూడదని.”

“ఏసేస్తే?”

“మధ్యలో మాటాడకన్నాను. ముందు రుచి సూసింది ఆడే. తరవాత ఇంకో ముగ్గురు తాగారు. అరగంటకి తల పోటు అన్నారు. ఊపిరాడట్లేదన్నారు. తుఫానుకి కడుపులో తిప్పుతందేమో అనుకున్నాం. తరవాత ఆళ్ళ గోళ్ళు నీలంగా తిరిగాయి. పెదాలు నీలం. డాక్టరు సూదితో నెత్తురు తీస్తే ఎర్రగా లేదు అప్పా. కాఫీ డికాషన్‌లా ఉంది. ఏటి మాటాడవు?”

“మాటాడొద్దన్నావు కదా.”

“ఈ ఉప్పులో ఒక మందు ఉంటాది. కిలో మాంసానికి అర సెంచా ఏస్తాం, అంతే. పది రోజులు నానాక, ఉడికాక, అది ఏటీ సెయ్యదు. అదే తిన్నగా కూరలోనో సారులోనో ఉప్పులా ఏసుకుంటే, మనిషి గాలి పీలుస్తానే ఉంటాడు, నెత్తుట్లోకి గాలి ఎక్కదు. నీళ్ళలో మునిగినోడిలాగ.”

“ఆ నలుగురూ సచ్చిపోనారా?”

“ముగ్గురు బతికారు.”

“ముందు రుచి సూసినోడు?”

“ఆడే పోయాడు.”

“ఎంత సేపటికి?”

“ఏటి?”

“తాగినాక ఎంత సేపటికి పోనాడు?”

“ఎందుకు అడుగుతన్నావు?”

“ఊరికే. కథ సెప్తే అడగరేటి.”

“ఇది కథ కాదు అప్పా.”

“ఎంత తాగినాడు?”

“ఒక గిన్నెడు. అప్పా, నా కళ్ళలోకి సూడు.”

“మరి నువ్వెందుకు సెప్పలేదురా?”

“ఏటి సెప్పలేదు?”

“అడిగినాను నిన్ను. వానాకాలం ఎల్లినాక, నువ్వు ఆ సీసా కొత్తగా తెచ్చిన రోజు. ఈ రంగు ఉప్పేటిరా అని అడిగినాను. ఏటి సెప్పినావు?”

“గుర్తులేదు.”

“నాకు ఉంది. ‘సైంధవ లవణం లాంటిదే అప్పా, ఫారిన్‌ది, ఖరీదైంది, ముట్టకు’ అన్నావు. నర్సమ్మ పోయిన నెల నాకు బీపీ సూసి సైంధవ లవణం వాడు తెరిసమ్మా అంది. గులాబీ రంగులో ఉంటాది, మంచిదంది. నాను ఇంకోసారి అడిగినాను నిన్ను, ఇది బీపీకి మంచిదేనా అని. నువ్వు ఉల్లిపాయలు కోస్తా, తల ఎత్తకుండా, ‘ఆ, మంచిదే’ అన్నావు. అన్నావా నేదా?”

“అన్నాను.”

“విషమని ఒక్క మాట సెప్పుంటే సెయ్యి పెడుదునేటి?”

“ఎలా సెప్పను? నీ నోట్లో నువ్వుగింజ నానదు. నీకు సెప్తే సంతకి సెప్పినట్టే. ఆ జాకబ్ మాంసంలో విషం కలుపుతన్నాడట అంటే ఒక్కడైనా ఈ కొట్టు మెట్టెక్కుతాడా? ఇప్పటికే పెద్దకూర అని సగం మంది మొహం తిప్పుకుని పోతన్నారు. సీసా మీద రాద్దామనుకున్నాను. రాస్తే సుట్టాలు సూస్తారు, సిల్వియా మేడమ్ సూస్తాది. అందుకే ఏదో ఒకటి అనేసాను. తప్పే. నాదే తప్పు, తిట్టు. తిట్టి, అప్పుడు నిజం సెప్పు. ఆ మూట ఇప్పాయా?”

“సలేస్తందిరా.”

“నీ సెయ్యి ఇలా ఇయ్యి.”

“ఎందుకు?”

“ఇయ్యి అప్పా. కొంగులోంచి సెయ్యి తియ్యి.”

“మంచుకి అలగైపోనాయి. కాఫీ పళ్ళు ఏరితే కూడా మరకలు పడతాయి.”

“కాఫీ పండు మరక నీలంగా ఉండదు. అన్ని గోళ్ళకీ ఒక్కలా పడదు. ఎలుగులోకి రా. తల ఎత్తు.”

“ఏటైనాది?”

“నీ పెదాలు.”

“ఏటైనాయిరా నా పెదాలు?”

“నేరేడు పళ్ళు తిన్నట్టున్నాయి. దేవుడా. మరియమ్మ తల్లీ. ఎంత సేపయింది తిని?”

“అంబలిలో. తొమ్మిదింటికి తాగినాను. ఒక డొక్కుడే.”

“డొక్కుడంటే ఆ పెద్ద సొరకాయ డొక్కేనా?”

“అదే. ఆకలేసి నిండా తాగినాను. ఉప్పు కొంచెం సేదుగా అనిపించినాది. ఖరీదైన ఉప్పు కదా, ఇలాగే ఉంటాది కాబోలు అనుకున్నాను.”

“కదలకు. కూకో. కాదు, పడుకో, ఈ బల్ల మీద పడుకో. ఫోను ఏది? నా ఫోను ఏది?”

“నీ సేతిలోనే ఉంది.”

“సిగ్నల్ ఉండి సావదు ఇక్కడ... ఆ, ఎల్తంది. ఫల్గుణా? ఫల్గుణా, జాకబ్‌ని. ఆటో ఎక్కడుంది? ఎక్కడున్నా సరే తిప్పు. ఎక్కినోళ్ళని దింపెయ్యి. కొట్టు దగ్గరికి రా. అప్పకి బాలేదు. పాము కాదు. నీకు తరవాత సెప్తాను, రా ముందు. ఎంతసేపు? పది నిమిషాలా? ఐదు నిమిషాల్లో రా.”

“ఫల్గుణ పాపం ఇయాల పెళ్ళి బేరం పెట్టుకున్నాడురా.”

“పెళ్ళి గంగలో కలవనీ. నువ్వు మాటాడకు, ఊపిరి దాసుకో. ఆటో ఎక్కగానే కింద పెద్దాసుపత్రికి ఫోను సేస్తాను. ఈ విషానికి విరుగుడు ఉంది. నీలం మందు. సూదితో నరంలోకి ఎక్కిస్తారు. ఓడలో డాక్టరు ముగ్గురికి అదే ఎక్కించాడు. గంటలో లేచి కూకున్నారు, టీ తాగారు. నా కళ్ళతో సూసాను.”

“నీలం రోగానికి నీలం మందా.”

“ఆ. నవ్వు, పర్లేదు, నవ్వు. గంటలో మనం అక్కడుంటాం. నీకేటీ కాదు.”

“నాలుగో ఆడికి ఎందుకు ఎక్కించలేదు?”

“ఏటి?”

“సచ్చిపోనోడికి. మందు ఉంది కదా.”

“ఓడలో మూడు సీసాలే ఉన్నాయి. అది ఓడ, అప్పా. నడిసముద్రం. ఇది అలాక్కాదు, రోడ్డుంది, ఆటో ఉంది. నువ్వు ఆ మాట మనసులో పెట్టుకోకు.”

“నీ ఫోను మోగతంది.”

“మోగనీ.”

“సూడు ముందు. పైనుంచేమో. సుజానా ఏమో.”

“సుజానా కాదు. మేడమ్.”

“ఎత్తు మరి. దగ్గరికొచ్చీసుంటాది.”

“ఎత్తను. ఏటని సెప్తాను, శాండ్‌విచ్ రెడీ అనా?”

“పది రోజులు కష్టపడినావురా. బూడిద రంగైతే ఏటి, ఆవముద్ద పులిమితే రంగు ఎవరికి కనిపిస్తాది. పెట్టు ఆవిడకి. నా వల్ల నువ్వు మళ్ళీ ఓడెక్కడం నాకు ఇష్టం నేదు.”

“ఓడెక్కుతాను, ఓడ కింద పడి సస్తాను, నువ్వు మాత్రం పడుకో. దుప్పటి కప్పుతాను. ఇంకా సలిగా ఉందా?”

“సలి పోనాది. నిద్దరొస్తంది.”

“నిద్దరోవద్దు. నాతో మాటాడు. ఏదో ఒకటి మాటాడు. నీకు ఎప్పుడూ నోరు మూతపడదు కదా, ఇప్పుడేటి.”

“సుజానాకి ఫోను సెయ్యి.”

“తోటలో దానికి సిగ్నల్ ఉండదు. ఆటోలో ఎల్తా దారిలో ఎవరిచేతైనా కబురెడతాను. నువ్వొక్కర్తివి బాగుంటే సాలు ఇప్పుడు.”

“సెయ్యరా ఒకసారి.”

“సేస్తాలే. ఇదిగో, సేస్తన్నాను... మోగతంది. మోగతంది గానీ ఎత్తట్లేదు. సేతుల నిండా పళ్ళుంటాయి.”

“మళ్ళీ సెయ్యి.”

“ఆటో సప్పుడొస్తంది అప్పా. ఫల్గుణే. ఇంత బేగి వస్తాడనుకోలేదు. నా బుజం మీద సెయ్యి ఎయ్యి. లెగు. మెల్లిగా. ఆ, అలాగ.”

“తమ్ముడూ.”

“ఏటప్పా.”

“ఆ నీలం మందు, కింద ఆసుపత్రిలో ఎన్ని సూదులు ఉంటాయి?”

“నీకొక్కర్తికి ఎన్ని కావాలి. ఒకటి, మహా అయితే రెండు.”

“నా కోసం కాదురా.”

“మరి ఎవరి కోసం?”

“మొదటి కోత రోజు కుండలో ఎవరూ ముట్టని కొత్త ఉప్పే ఎయ్యాలి కదరా. నా ఇంట్లో కొత్తది అదొక్కటే ఉంది. తోటలో పద్దెనిమిది మందికీ అదే ఏసి అంబలి కాసి, దగ్గరుండి తాగించి వచ్చినాను. సుజానా అయితే, బాగుందొదినా అని రెండోసారి అడిగి మరీ పోయించుకుంది.”